సీరియల్ కోడలు... మన ఇంటి అమ్మాయి

సాయంత్రం పప్పుకు తాలింపు వేస్తూనే ఒక చెవి హాల్లోని టీవీకి అప్పగించేస్తాం కదూ! "ఏదో కాలక్షేపం" అంటాం. కానీ ఆ కథల్లో ఆడదాన్ని చూపించే తీరు కాలంతోపాటు ఎలా మారిందో ఎప్పుడైనా గమనించారా?

1984 జులైలో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. చిన్న కుటుంబం మేలనీ, ఆడవాళ్లకూ విలువ ఇవ్వాలనీ కథలో కలిపి చెప్పాలన్నది దాని ఉద్దేశం. అందులో తల్లి భగవంతి ఎవరేమన్నా నోరెత్తదు. అలా అణిగిమణిగి ఉంటే బతుకు ఏమవుతుందో చూపించాలనుకున్నారు తీసినవాళ్లు. తీరా చూస్తే చాలామంది "ఇల్లాలంటే ఇలా ఉండాలి" అని ఆమెనే మెచ్చుకున్నారు! చెప్పినవాళ్లు ఒకటి తలిస్తే చూసినవాళ్లకు మరొకటి అందింది.

మరుసటి ఏడే 'రజని' వచ్చింది. ప్రియా టెండూల్కర్ వేసిన ఆ గృహిణి కొంగు బిగించి, గ్యాస్ బండ దగ్గర్నుంచీ ప్రతి మోసాన్నీ నిలదీసింది. 1989లో 'ఉడాన్' కథానాయిక ఏకంగా పోలీసు అధికారి అయింది.

తర్వాత శాటిలైట్ చానళ్లు వచ్చాయి. రోజూ వచ్చే కథలే ఎక్కువయ్యాయి. 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' ఎనిమిదేళ్లు నడిచింది. రోజూ కథ నడవాలంటే రోజూ ఒక గొడవ కావాలి. అది ఒకే ఇంటి సెట్‌లో దొరికితే ఖర్చూ కలిసొస్తుంది. అలా వీధిలోకి వెళ్లి నిలదీసిన ఆడది, తిరిగి ఇంట్లోకొచ్చి తోడికోడలిపై కుట్రలు పన్నడం మొదలుపెట్టింది.

అన్నీ అలాంటివేనని అనను. 2008లో మొదలైన 'బాలికా వధూ', 'చిన్నారి పెళ్లికూతురు'గా మన ఇళ్లలోకీ వచ్చి బాల్యవివాహాల గురించి మాట్లాడించింది. 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం'లో వంటలక్క దీప ఒంటి రంగు వల్ల ఎన్ని మాటలు పడిందో మీకు తెలుసు. ఆమె కోసం కళ్లొత్తుకున్న మనమే, పెళ్లిచూపులనగానే "పిల్ల రంగెలా ఉంటుంది?" అని మొదట అడుగుతాం!

సీరియళ్లు మానేయమని చెప్పను. చెప్పినా వినరు! మీ అమ్మాయి పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు, ప్రకటనలు రాగానే ఒక్క మాట అడగండి: "ఆ కోడలి చోట నువ్వుంటే ఏం చేస్తావే?" అని. మనింట్లో పెరుగుతున్నది భగవంతో, రజనో ఆ జవాబులోనే తెలిసిపోతుంది. ఏమంటారు?