కడుపు నిండినా తీరని లోటు

కృష్ణా డెల్టాకు ధాన్యాగారమన్న పేరు ఈనాటిది కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువలు పారి పెడన, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు వరిచేలతో పచ్చబడ్డాయి. అన్నానికి కొదవలేని ఇటువంటి సీమలో పసిపిల్లలకు పోషణ లోపించడమేమిటన్న సందేహం కలగడం సహజం. ఆకలికీ పోషకాహార లోపానికీ గల భేదాన్ని గుర్తించకపోవడమే ఈ సందేహానికి మూలం.

ఆకలి కడుపుకు తెలుస్తుంది. పోషకాహార లోపం తెలియదు. మూడు పూటలా తెల్లని అన్నం, పలుచని చారు తిన్న బిడ్డ ఏడవడు. తల్లి తృప్తిపడుతుంది. ఆ కంచంలో శక్తినిచ్చే పిండిపదార్థం ఉన్నదే కాని కండ పెంచే మాంసకృత్తులు, రక్తానికి కావలసిన ఇనుము చాలినంత లేవు. దేహం ఆ లోటును చెప్పుకోదు. ఎదుగుదలను తగ్గించుకొని సర్దుకుంటుంది.

ఆంధ్రతీరానికి ఈ అనుభవం కొత్తది కాదు. దంపుడు బియ్యం పోయి మరబియ్యం వచ్చిన కాలంలో తవుడుతోపాటు బి1 విటమిను కూడా పోయి, సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలింది. తరిగినది అన్నం కాదు, అన్నంలోని సారం. 1918లో కూనూరులో బెరిబెరిపై మొదలైన పరిశోధనే క్రమంగా విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

నేటి లోటు బెరిబెరి వలె బయటపడేది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లలలో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పసివారిలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వీధిలోని పిల్లలందరూ పొట్టిగా ఉన్నప్పుడు ఏ ఒక్కరి పొట్టితనమూ కంటికి ఆనదు. “మా వంశమే అంత” అని పెద్దలు సరిపెట్టుకుంటారు. వంశాన్ని నిందించేముందు బిడ్డను తూచి, కొలిచి చూడాలి. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలలో తూకం వేసేది ఇందుకే. ఆ తూకం రిజిస్టరు నింపడానికి మాత్రమే జరిగితే త్రాసు ఉండీ లేనట్టే. గర్భం దాల్చినది మొదలు బిడ్డకు రెండేళ్లు నిండే వరకు గల వేయి దినాలలో మెదడు ఎంతో వేగంగా పెరుగుతుంది. అప్పుడు కోల్పోయినదాన్ని బడి వయసులో పూర్తిగా భర్తీ చేయడం కష్టం.

ఇంత జరిగినా లోకం తల్లి అజ్ఞానాన్నే తప్పుపడుతుంది. ఇది న్యాయం కాదు. పెడన చేనేతకూ కలంకారీ అద్దకానికీ నెలవు. మగ్గం ఉన్న ఇంట కండెలు చుట్టే ఇల్లాలికి పని జరిగిన మేరకే కూలి. ఆరు నెలలు నిండిన శిశువుకు తల్లిపాలకు తోడు మెత్తని పప్పన్నమో, ఉడికిన గుడ్డో, ముళ్లు తీసిన చేపముక్కో కొద్దికొద్దిగా రోజుకు పలుమార్లు తినిపించాలి. అన్నిసార్లు రాట్నం ఆపితే ఆనాటి కూలి తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది తినే ఆ తల్లికే రక్తం చాలదు. ఆమె పక్కన కూర్చుని బిడ్డకు నాలుగు ముద్దలు పెట్టగల తండ్రి, తాత, అత్త ఆ ఇంటనే ఉన్నారు. పోషకాహారాన్ని గురించిన సలహాలు మాత్రం ఆమె ఒక్కతెకే అందుతున్నాయి.