ఇల్లు మారుతున్నారా? ముందు ఫ్రిజ్ సంగతి చూడండి

పిల్లల పరీక్షలు అయిపోవడంతోనే ఇళ్ళు మారే హడావుడి మొదలవుతుంది. బదిలీ ఆర్డర్లు చేతికొచ్చినవాళ్ళూ, ఆషాఢం రాకముందే కొత్త ఇంట్లో పాలు పొంగించేయాలనుకునేవాళ్ళూ అందరికీ ఒకటే కంగారు. గిన్నెలు, బట్టలు, పుస్తకాలు వారం ముందు నుంచే మూటలు కడతాం. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, లారీ గుమ్మం ముందు ఆగాక ప్లగ్గు పీకి, అలాగే ఎత్తించేస్తాం. అసలు అన్నిటికంటే ముందుగా సిద్ధం చేయవలసిన వస్తువు అదే. దానికి బయలుదేరే ముందు ఒక రోజు, దిగాక కొన్ని గంటలు విశ్రాంతి కావాలి.

వారం ముందు నుంచీ కొత్తగా ఏదీ కొని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉన్నవి వాడెయ్యండి. పులిసిన ఇడ్లీ పిండితో పునుగులో, పుల్లట్లో వేసేస్తే పిల్లలు ఎగబడి తింటారు. అరా కొరా మిగిలిన కూరగాయ ముక్కలన్నీ దప్పళంలోకి సరి. కందిపొడి, కరివేపాకు పొడి లాంటివి తడి తగలకపోతే బయటే నిలుస్తాయి. నూనె తేలుతున్న ఆవకాయకి ఫ్రిజ్‌తో పనేలేదు, జాడీకి వాసెన కట్టి మీ చేతిలో పెట్టుకోండి. డీప్ ఫ్రీజర్‌లో చేపలు, మాంసం ఉంటే ముందే వండేసుకోవాలి. దారిలో మెత్తబడిపోయినవాటిని కొత్త ఇంట్లో మళ్ళీ గడ్డ కట్టించి వాడడం ఆరోగ్యానికి మంచిది కాదు.

అన్నిటికంటే ముఖ్యం, తలుపు అరలో ఉన్న మందులు. ఇంట్లో అత్తగారికో, మామగారికో ఇన్సులిన్ ఉంటే దాని సంగతి ముందు ఆలోచించండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా అయితే, చాలా రకాలు 25, 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారాల దాకా బయట ఉండగలవు. మీరు వాడే రకానికి ఎన్ని రోజులో పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది, మందుల షాపులో అడిగినా చెబుతారు. కానీ మన మే నెల ఎండల్లో గదిలో కూడా 30 డిగ్రీలు దాటడం మామూలే కదా! అందుకని ఫ్రిజ్ ఆపే రోజున దాన్ని పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించండి. ఆ వీలు లేకపోతే, పెద్ద మట్టికుండలో చిన్న మట్టికుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ, మందు సీసాని గట్టి మూత ఉన్న డబ్బాలో వేసి లోపలి కుండలో ఉంచండి. పొడి ఎండ ఉన్న ఊళ్ళలో ఇది బాగా పనిచేస్తుంది, సముద్రం ఒడ్డు ఉక్కలో అంత చల్లబడదు. ప్రయాణంలో లారీ ఎక్కించకుండా మీ సంచిలోనే ఉంచుకోండి. ఐసు పెట్టిన డబ్బాలో వేస్తే మాత్రం సీసాకి మందపాటి తువ్వాలు చుట్టాలి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే, తర్వాత కరిగినా పనికిరాదు, పారేయవలసిందే.

బయలుదేరడానికి ఒక రోజు ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, తలుపు తెరిచి పెట్టండి. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఐసు కరగడానికి చాలాసేపు పడుతుంది. కింద పాత తువ్వాళ్ళు పరవండి. తొందరగా కావాలంటే ఫ్రీజర్‌లో వేడినీళ్ళ గిన్నె పెట్టండి. అంతేగానీ చాకుతోనో, అట్లకాడతోనో ఐసుని పెళ్ళగించొద్దు. ఆ ఐసు వెనకాల పల్చటి రేకులోనే గ్యాసు తిరిగే దారులుంటాయి. ఒక్క చిన్న చిల్లు పడితే చాలు, గ్యాసంతా పోయి వేల రూపాయల ఖర్చు నెత్తిన పడుతుంది. పైగా ఈ మధ్య ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్-600ఏ అనే గ్యాసు వాడుతున్నారు. అది మండే గుణమున్న వాయువు. ఏ గ్యాసు ఉందో ఫ్రిజ్ మీద అతికించిన లేబుల్‌లో రాసి ఉంటుంది. ఎప్పుడైనా బుస్సుమని శబ్దం వస్తే కిటికీలు తెరవండి, స్టవ్ వెలిగించకండి, స్విచ్‌లు ముట్టుకోకండి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే ఐసు బాధ ఉండదు గానీ, వెనకవైపు కంప్రెసర్ దగ్గర నీళ్ళు చేరే పళ్ళెం ఉంటుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు! దాన్ని ఒంపకపోతే మెట్లు దిగేటప్పుడు కూలీల మీద మురుగునీళ్ళు పడతాయి.

లోపల తుడవడానికి లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా చాలు, వాసనలు పోతాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో బూజు పడుతుంది, అక్కడ సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, పొడి గుడ్డ పెట్టండి. గాజు పలకలు చల్లగా ఉండగానే వేడినీళ్ళలో పెడితే పగులుతాయి, కాసేపాగి కడగండి. వాటిని పాత చీరల్లో చుట్టి విడిగా కట్టండి. తలుపుకి టేపు అంటిస్తే రంగు ఊడుతుంది, జిగురు వదలదు. కింద తువ్వాలు వేసి తాడుతో కట్టడం నయం.

ఇక ఎత్తడం. మెట్లు ఇరుకుగా ఉన్నాయనో, లారీలో ఒదగడం లేదనో పడుకోబెడతామంటారు. వీలైనంతవరకూ ఒప్పుకోకండి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెడితే ఆ నూనె గొట్టాల్లోకి పోతుంది, వెంటనే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతినవచ్చు. నిలబెట్టి తెచ్చినా కొత్త ఇంట్లో మూడు నాలుగు గంటలు ఆగండి. తప్పక పడుకోబెట్టి తెచ్చినట్టయితే ఒక రోజంతా నిలబెట్టి ఉంచండి. పొంగించిన పాలు మిగిలిపోతున్నాయని తొందరపడకండి, పరమాన్నం వండేస్తే సరి!

గోడకి ఆనించకుండా కాస్త ఎడంగా, స్టవ్‌కి దూరంగా, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ దగ్గర పెట్టించండి. అద్దె ఇళ్ళలో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం మేలు. ముందు కాళ్ళు పిసరంత ఎత్తులో ఉంటే తలుపు దానంతటదే పడుతుంది. స్విచ్ వేశాక ఖాళీగానే కొన్ని గంటలు తిరగనివ్వండి. రాత్రి ఐసు ట్రేలో నీళ్ళు పోసి పెట్టి, తెల్లారి గడ్డకట్టాక సామాన్లు సర్దుకోండి. గడ్డకట్టలేదంటే ఏమీ పెట్టకుండా మెకానిక్‌ని పిలవండి. గ్యారంటీ కార్డు, బిల్లు ఏ మూటలో వేశారో ముందే గుర్తు పెట్టుకుంటే అప్పుడు వెతుకులాట తప్పుతుంది.