నీటి లెక్క జాలరికీ తెలియాలి

జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయంలో వల వేసి బతికే మనిషికి రెండు హక్కులు కావాలి. ఒకటి చేపలు పట్టుకునే హక్కు. రెండోది ఆ చేపలు బతికే నీళ్లు ఎలా ఉన్నాయో తెలుసుకునే హక్కు. మొదటిదాన్ని మత్స్యశాఖ, సహకార సంఘాలు చూస్తాయి. రెండోది 1974 నాటి జల కాలుష్య చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి బాధ్యత. ఈ రెండు శాఖలూ కలిసి కూర్చోవాలి.

చేపలకు పనికొచ్చే నీళ్లకు కేంద్ర మండలి 'డి' తరగతి ప్రమాణం పెట్టింది. లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. మురుగు కలిస్తే ముందు పడిపోయేది ఆక్సిజనే. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే జాలరికి సంగతి తెలిసిపోతుంది. కానీ అప్పటికే చేయి దాటిపోతుంది.

మండలి కూడా ఇలాగే ఆలస్యంగా మేలుకుంటే లాభం లేదు. పులివెందుల వైపు తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మొరపెట్టుకున్నాకే 2019లో రాష్ట్ర మండలి నోటీసు ఇచ్చింది. జనం గొంతెత్తాక కదలడం పర్యవేక్షణ అనిపించుకోదు.

అందుకే ఈ సంచిక ద్వారా అడుగుతున్నాం. ప్రొద్దుటూరు దగ్గర పెన్నలో, మైలవరం, గండికోట, పార్నపల్లె జలాశయాల్లో మత్స్యకారుల ఎదుటే నీటి నమూనాలు తీయండి. ఫలితాలను తెలుగులో గ్రామ సచివాలయం బోర్డు మీద పెట్టండి. కాలుష్యంతో చేపలు చస్తే, కారణమైనవాళ్ల చేత జాలరికి పరిహారం కట్టించండి.