బీపీ మాత్రపై మన కన్నూ ఉండాలి

తిరుపతిలో ఉండే మా పెద్దమ్మకు ఈమధ్య పాదాలు వాచాయి. "మొన్న మెట్లెక్కి కొండకు పోయొస్తిని కదమ్మా, దానికే" అని సర్దుకుంది. నెల దాటినా తగ్గలేదు. డాక్టరుకు చూపిస్తే, కొత్తగా మొదలుపెట్టిన బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌తో కొందరికి ఇలా అవుతుందని చెప్పి మందు మార్చారు. వాపు తీసింది. ఆ సంగతి మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. నాకు పట్టుకున్న ఆలోచన అదే.

ఏ మందునైనా అమ్మకానికి అనుమతించే ముందు కొన్ని వందలమంది, వేలమందిపై పరీక్షిస్తారు. గర్భిణులను సాధారణంగా అందులో చేర్చుకోరు. లక్షలమంది ఏళ్ల తరబడి వాడాకే చాలా సంగతులు బయటపడతాయి. ఎనలాప్రిల్ రకం మాత్రలతో వచ్చే పొడిదగ్గు ఆడవాళ్లలోనే ఎక్కువని, అవి కడుపులోని బిడ్డకు హాని చేస్తాయని తేలింది అలాగే.

మందు మంచిదైనా తయారీలో తేడా రావచ్చు. 2019లో హైదరాబాద్ కంపెనీ హెటెరో తయారుచేసిన లోసార్టాన్ బీపీ మాత్రలు 87 బ్యాచ్‌లను అమెరికాలో వెనక్కి తెప్పించారు. క్యాన్సర్ కారకం కావచ్చనే మలినం వాటిలో కనిపించింది. అయినా, వేరే మందు చేతికొచ్చేదాకా మాత్ర మానవద్దనే అక్కడి అధికారులు చెప్పారు. ఉన్నట్టుండి మానేస్తే బీపీ పెరిగి పక్షవాతం రావచ్చు మరి!

అలాంటి కబురే రేపు మన చిత్తూరుకు వస్తే? షాపులో అట్ట కత్తిరించి నాలుగు మాత్రలిస్తారు. బ్యాచ్ నంబరు మిగతా ముక్క మీద ఉండిపోతుంది. మన డబ్బాలోది ఏ బ్యాచో ఎలా తెలుస్తుంది?

మన దేశంలోనూ 2010 నుంచి మందుల దుష్ఫలితాలను నమోదుచేసే కార్యక్రమం ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. ఎన్నో మెడికల్ కాలేజీల్లో కేంద్రాలున్నాయి. డాక్టరే రాయాలని లేదు, రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. 1800-180-3024కు ఖర్చు లేకుండా ఫోన్ చేసి చెప్పవచ్చు.

ఇంటిల్లిపాదికీ మాత్రలు వేళకు అందించేది మనమే. మన ఒంటికొచ్చిన బాధనేమో పనిభారమనో, వయసనో కొట్టిపారేస్తాం. ఇకనైనా అట్ట మొత్తంగా కొందాం, బిల్లు దాచుకుందాం. కొత్త మాత్ర మొదలైన రోజు, కొత్త బాధ మొదలైన రోజు క్యాలెండరులో గుర్తు పెట్టుకుందాం. సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెబుదాం, నమోదు చేయిద్దాం. ఒక్క పెద్దమ్మ వాపు చిన్న విషయమే. ఊరూరా పెద్దమ్మలు చెబితే అది లెక్కలోకొస్తుంది.