కొత్త ట్రాక్టరు - తొలి యాభై గంటలు

సంపాదకులు గారికి,



ఈ మధ్య మా హొసకోటె చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న ట్రాక్టర్లు కొనే రైతులు ఎక్కువైనారు. ద్రాక్ష తోటల సాళ్ళ మధ్య పెద్ద ట్రాక్టరు దూరదు. ఎడ్లను మేపే ఓపిక ఇండ్లలో తగ్గిపోయినది. కనుక ఇరవై, పాతిక గుర్రాల బలం గల చిన్న బండి మా వంటి చిన్న కమతాల వారికి వరమే. అయితే ఆ బండిని మొదటి యాభై గంటలు ఎట్లా నడపవలెనో కొన్నవారికి చెప్పే దిక్కు లేదు. తెలిసినవారు చెప్పక, తెలియని నేను చెప్పినందువల్ల మా యింట జరిగిన నష్టాన్ని మీ పాఠకులకు మనవి చేసుకొంటున్నాను.

నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా తమ్ముని కుమారుడు బ్యాంకు అప్పుతో చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కొట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి బండిని ఇంటికి తెచ్చినాము. అమ్మినవారు తాళంచెవి, మిఠాయి పొట్లం, ఒక పుస్తకం ఇచ్చినారు. పుస్తకం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నది. మావాడు చదివినది కన్నడం, ఇంట మాట్లాడేది తెలుగు. పుస్తకం నేరుగా బీరువాలోకి పోయినది.

"పెద్దనాయనా, దీన్ని ఎట్ల నడపాల?" అని వాడు నన్ను అడిగినాడు. "కొత్త బండి పసిబిడ్డ వంటిది నాయనా. రెండు నెలలు బరువు పెట్టవద్దు, మెల్లగా తిప్పు" అన్నాను. పెద్దవాడినని అడిగినాడు. పెద్దరికం నిలుపుకొనుటకు నేను చెప్పినాను.

వాడు నా మాట దాటలేదు. ప్రతి ఉదయం ఇంటిముందర గంటసేపు ఇంజనును ఊరకనే తిరగనిచ్చేవాడు. తోటకు ఖాళీ బండితో పోయి ఖాళీ బండితో వచ్చేవాడు. మూడవ నెలలో పొగగొట్టం నుండి నల్లని జిడ్డు కారినది. నీలిపొగ మొదలైనది. పోసిన ఆయిలు పోసినట్లే తరిగిపోయినది. మెకానిక్కు ఇంజను విప్పి సిలిండరు లోపలి గోడ చూపించినాడు. అద్దంలాగా మెరుస్తున్నది. నేను సంతోషించబోయినాను. "ఈ మెరుపే చేటు సామీ" అన్నాడు.

అతడు చెప్పిన కారణం ప్రతి రైతూ తెలుసుకోదగినది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ రగిల్చే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని బిగించి నొక్కగా అది అయిదు వందల డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిలు మండుతుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యంత్రం మొదలు నేటి బండి వరకు కీలకం ఇదే. గాలి జారిపోకుండా కాచేవి పిస్టను రింగులు. కొత్త సిలిండరు గోడమీద కర్మాగారంలోనే సన్నని అడ్డగీతలు గీసి ఉంచుతారు. ఆ గరుకుమీద ఒరసుకొని రింగులు గోడకు కుదురుకోవలెను. వాటిని గోడకు గట్టిగా అదిమేది, మండిన వాయువు ఒత్తిడి. ఇంజనుమీద బరువు లేనిదే ఆ ఒత్తిడి చాలినంత రాదు. ఊరక తిప్పితే సగం కాలిన డీజిలు, ఆయిలు గోడమీద మాడి గాజుపూత కడుతుంది, గీతలు పూడిపోతాయి. ఆ తరువాత ఎంత నడిపినా రింగులు కుదురుకోవు.

అట్లని మొదటి రోజే ట్రాలీ నిండా ఇటుకలు ఎత్తి, యాక్సిలరేటరు చివరకంటా నొక్కడం కూడా తప్పే. కుదురుకోని రింగులు మితిమీరి కాగి, గోడను గీరి పాడుచేస్తాయి. పై గేరులో ఇంజను మూలిగేటట్లు లాగించుటా చెరుపే.

మా ఉద్యోగ భాషలో చెప్పవలెనంటే ఇది ప్రొబేషను కాలం. కొత్త గుమాస్తాకు రెండేండ్లు పని ఇవ్వక కూర్చోబెడితే పని రాదు. మొదటి రోజే బల్లనిండా ఫైళ్ళు పడవేస్తే మనిషి నిలువడు. అదే విధంగా, ఉదయం మూడు నాలుగు నిమిషాలు ఇంజనును వేడెక్కనిచ్చి, తేలిక పనికి తీసుకొనిపోవలెను. మెత్తని నేలలో కల్టివేటరు, లోతు తక్కువ పెట్టి రోటవేటరు, సగం బరువు ట్రాలీ మంచివి. వేగం ఒకే తీరున ఉంచక మారుస్తూ ఉండవలెను. గంటలు గడిచేకొద్దీ బరువు పెంచుకొంటూ పోవలెను. ఆపే ముందు రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనివ్వవలెను. ప్రతిరోజూ ఆయిలు, రేడియేటరు నీళ్ళు చూడవలెను. చక్రాల నట్లు బిగించుకోవలెను.

ఇంకొక ముఖ్య విషయం. కుదురుకొనేటప్పుడు అరిగిన ఇనుపరజను ఆయిలులో చేరుతుంది. అందుచేతనే సాధారణంగా యాభై గంటలకు ఆయిలూ ఫిల్టరూ మార్చవలెనని పుస్తకాలలో వ్రాస్తారు. మావాడు గంటల మీటరు చూడనేలేదు. తొలి సర్వీసు గడువు దాటినందున గ్యారంటీ చెల్లదని అమ్మినవారు చెప్పినారు. బ్యాంకు కంతుకు దాచిన సొమ్ము రింగులకూ సిలిండరు పనికీ పోయినది. తోటకు మందు కొట్టవలసిన అదనులో బండి షెడ్డులో నిలిచినది. ముప్పయి ఏండ్లకు పైగా ఇతరుల సర్వీసు రిజిస్టర్లు వ్రాసిన నేను, మా బండికి నాలుగు గీతల పుస్తకం పెట్టలేకపోయినాను.

మధ్యప్రదేశ్‌లోని బుదనీలో కేంద్రప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తున్నది. పరీక్షకు ముందు కొత్త బండిని తయారీదారు చెప్పిన ప్రకారం కొన్ని గంటలు నడిపి కుదుర్చుకోవడం అక్కడ నియమం. పరీక్షించే నిపుణులే పాటించే నియమాన్ని రైతుకు చెప్పకుండుట ఏమి న్యాయం?

కనుక ట్రాక్టర్లు అమ్మేవారికి నా మనవి. తాళంచెవి ఇచ్చేటప్పుడే ఒక గంటసేపు బండి నడిపి చూపండి. తొలి యాభై గంటల నియమాలు ఒక్క కాగితంమీద కన్నడంలోనూ, మా వంటి సరిహద్దు తాలూకాలవారికి తెలుగులోనూ అచ్చువేసి ఇవ్వండి. సబ్సిడీ మంజూరు చేసే అధికారులు, అప్పిచ్చే బ్యాంకులు ఆ కాగితంమీద రైతు సంతకం ఉన్నదో లేదో చూడవలెను. కాగితాల విలువ తెలిసినవాడను గనుక ఈ సలహా ఇస్తున్నాను. వీలున్న యువకులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థలో నేర్చుకొనుట మేలు.

ఇక నా ఈడువారికి ఒక మాట. పిల్లలు అడిగినప్పుడు తెలియని సంగతి తెలియదని చెప్పుదాము. దానివల్ల పెద్దరికం పోదు. మా తమ్ముని కుమారుడు ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉన్నది.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హొసకోటె.