నీళ్లున్నాయి... ఊపిరాడుతోందా?

విజయవాడ-హైదరాబాద్ రహదారిలో కీసర దాటేవాళ్లకు వంతెన కింద మున్నేరు కనిపిస్తుంది. వైరా వచ్చి కలిసేదీ ఆ దగ్గర్లోనే. ఏరు పారేటప్పుడు రాళ్లకు తగిలి, సుడులు తిరిగి, నురగ కడుతుంది. ఆ కదలికలోనే గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కరుగుతుంది. చేపకు ఊపిరి అదే. మరి మన ముందుగదిలో అయిదడుగుల అద్దాల తొట్టెలో తిరుగుతున్న చేపల సంగతి? అక్కడ ఏరు చేసే పని మనమే చేయాలి.

తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, ఆకలేస్తోందేమోనని పిల్లలు గుప్పెడు మేత వేసేస్తారు. నిజానికి అది ఆకలి కాకపోవచ్చు, ఊపిరాడకపోవడం! కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకు ఇది బాగా తెలుసు. చెరువులోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. వాళ్లు ఏరేటర్లు తిప్పేది అందుకే. తొట్టెలో మొక్కలు పెంచుతున్నారా? అక్కడా అదే లెక్క. అయితే గౌరామి, ఫైటర్ చేపలు మామూలుగానే పైకొచ్చి గాలి పీలుస్తాయి. మన కొర్రమీనూ అంతే. గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటివి అదేపనిగా పైనే తచ్చాడుతుంటేనే కంగారు పడాలి.

నందిగామ, జగ్గయ్యపేట ఎండల గురించి చెప్పేదేముంది! నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు మహా అయితే 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతాయి. 35 డిగ్రీలకు అది 7 లోపే. అదే లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. చేప బతుకు ఎంత పొదుపో చూడండి! పైగా వేడిలో దాని ఒంటికి మరింత ఆక్సిజన్ కావాలి. అంటే అవసరం పెరిగే వేళకే సరఫరా పడిపోతుందన్నమాట.

బుడగలు ఎక్కువ వస్తే ఆక్సిజన్ ఎక్కువన్నది చాలామంది నమ్మకం. బుడగలో నుంచి నేరుగా కరిగేది కొంతే. అవి కింది నీళ్లను పైకి లాగి, ఉపరితలాన్ని కదిలించడమే అసలు మేలు. కాబట్టి ఎయిర్ స్టోన్‌ను అడుగున పెట్టండి. ఫిల్టర్ నుంచి నీళ్లు వచ్చే గొట్టాన్ని పైభాగంలో, నీటి మీద అలలు లేచేలా తిప్పండి. పైన మూత ఉంటే గాలి ఆడే సందు వదలండి.

అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టెలో సుమారు 425 లీటర్లు పడతాయి. ఆ నీళ్లు గంటకు నాలుగైదుసార్లు ఫిల్టర్ గుండా తిరగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే గంటకు 1,700 నుంచి 2,100 లీటర్లు తోడే ఫిల్టర్ కావాలి. ఒక మూల నుంచే నీళ్లు తోస్తే అవతలి మూలలో నీరు కదలదు. మలినాలు పేరుకునేది అక్కడే. రెండోవైపు చిన్న పవర్‌హెడ్ పెడితే సరి. ఫిల్టర్‌లోని స్పాంజీని వారం పది రోజులకోసారి తొట్టె నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మేలుచేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఇక అసలు గండం... కరెంటు పోవడం! బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అదీ లేకపోతే చెంబుతో తొట్టెలో నీళ్లే తీసి, జానెడు ఎత్తు నుంచి మెల్లగా తిరిగి పోయండి. పావుగంటకోసారి అయిదు నిమిషాలు చేసినా ప్రాణాలు నిలుస్తాయి. ఆ పూట మేత వద్దు, అరగడానికీ ఆక్సిజన్ ఖర్చే. మూసి ఉండే ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే, కరెంటు రాగానే అలాగే నడపకండి. లోపల చెడిన నీళ్లు పారబోసి, కడిగాకే స్విచ్ వేయండి.

జాగ్రత్తలు మరో రెండు. గాలి పంపును నీటిమట్టం కంటే ఎత్తున పెట్టండి. లేకుంటే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు పంపులోకి ఎదురొస్తాయి. తొట్టెలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీసేయండి.

ఎండాకాలం నీళ్లు మరీ వేడెక్కితే పైన చిన్న ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు గుమ్మరించొద్దు, ఒక్కసారిగా మారే చలిని చేప తట్టుకోలేదు. అన్నిటికంటే ముందు, చేపల సంఖ్య తగ్గించండి. పిల్లలు ముచ్చటపడ్డారని వచ్చినప్పుడల్లా రెండేసి చేపలు తెచ్చి వేస్తే, ఎంత పెద్ద పంపైనా చేతులెత్తేస్తుంది. తెల్లారగానే ఒక్క నిమిషం తొట్టె ముందు నిలబడి చూడండి. చేపలు మధ్యలో, అడుగున తీరిగ్గా తిరుగుతుంటే రాత్రంతా వాటికి బాగానే గడిచినట్టు!