లెబ్లాన్‌లను చెదరగొట్టిందెవరు?

ఇంటిపేరు చెబితే చాలు, డాలూ కత్తీ సింహం బొమ్మా ఉన్న వంశముద్ర అచ్చువేసి అమ్మే వ్యాపారం పాశ్చాత్య దేశాల్లో బాగా సాగుతోంది. లెబ్లాన్ అనే ఫ్రెంచి ఇంటిపేరుకూ అది దొరుకుతుంది. నిజానికి ఆ పేరులో రాచరికమేమీ లేదు. ఒంటి రంగో, జుట్టు రంగో తెల్లగా ఉన్న మనిషిని ఊళ్లో అలా పిలిచారు, అది పిల్లలకూ నిలిచిపోయింది. అందుకే ఏ చుట్టరికమూ లేని లెబ్లాన్‌లు ఫ్రాన్సులో ఎన్నో చోట్ల కనిపిస్తారు.

అట్లాంటిక్ అవతలి లెబ్లాన్‌ల కథ వేరు. వాళ్లలో చాలామందికి మూలపురుషుడు ఒక్కడే. డేనియల్ లెబ్లాన్ అనే రైతు 1650 ప్రాంతంలో అకాడియాకు వలస వెళ్లాడు. ఆయన భార్య ఫ్రాన్స్వాజ్ గోదే. అకాడియా అంటే ప్రధానంగా ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా. 1671 నాటి జనాభా లెక్కల్లో ఆ దంపతులకు ఆరుగురు కొడుకులు, ఒక కూతురు. అకాడియా రైతులు అడవి నరకడం కన్నా సముద్రాన్ని ఆపడం మేలనుకున్నారు. ఉప్పు బురదనేలల చుట్టూ మట్టికట్టలు పోసి, అడుగున చెక్క తూములు పెట్టారు. తూము తలుపు పోటుకు మూసుకుంటుంది, ఆటుకు తెరుచుకుని వాననీటిని బయటికి పంపుతుంది. రెండు మూడేళ్లలో ఉప్పు కడిగిపోయి గోధుమ పండేది. డేనియల్ కొడుకుల్లో కొందరు గ్రాన్‌ప్రే వైపు వెళ్లి ఇలాంటి నేలలనే సాగుచేశారు. వంద ఏళ్లు తిరిగేసరికి అకాడియాలో అంత పెద్ద కుటుంబం మరొకటి లేదు.

1713లో ఆ నేల బ్రిటన్ చేతికి వచ్చింది. ఫ్రెంచివాళ్ల మీద ఆయుధం పట్టబోమన్న షరతు మీదే ఈ రైతులు విధేయత ప్రమాణానికి ఒప్పుకున్నారు. 1755 జూలై 28న లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ తన కౌన్సిల్‌తో కలిసి వాళ్లందరినీ దేశం నుంచి పంపేయాలని తీర్మానించాడు. సెప్టెంబరు 5న గ్రాన్‌ప్రే చర్చికి పిలిపించి 418 మంది మగవాళ్లనూ మగపిల్లలనూ అందులోనే నిర్బంధించారు. ఆ ఊరి నోటరీ రెనే లెబ్లాన్ బ్రిటిష్ వారికి నమ్మకంగా పనిచేసినవాడు. అందుకు స్థానిక మిక్‌మా తెగ యోధుల చేతికి చిక్కి ఏళ్ల తరబడి బందీగా ఉన్నాడు కూడా. అయినా ఆయన్నీ ఓడెక్కించారు. ఇరవైమంది పిల్లలు, దాదాపు నూట యాభైమంది మనవలు తలోదిక్కయ్యారని తోటి నిర్వాసితులు రాజుకు పెట్టుకున్న అర్జీలో ఉంది. ఆయన ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

బ్రిటిష్ వలసరాజ్యమైన వర్జీనియా తమకు అక్కర్లేదని తిప్పిపంపిన నిర్వాసితులు ఇంగ్లండు చేరారు. బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య ఏడేళ్ల యుద్ధం ముగిశాక, 1763లో, వాళ్లను ఫ్రాన్సుకు పంపారు. 1765లో బ్రిటనీ తీరంలోని బెల్-ఈల్ దీవిలో 78 కుటుంబాలకు భూములిచ్చారు. ఈ చరిత్రలో నన్ను కదిలించేది ఆ తర్వాత జరిగిన పని. ఊళ్లతోపాటు చర్చి రిజిస్టర్లూ చాలావరకు పోయాయి. ఎవరు ఎవరి బిడ్డో చెప్పే కాగితం లేదు. 1767లో ఒక్కో ఇంటి పెద్దా దీవిలోని పూజారుల ముందు కూర్చుని తండ్రి, తాత, ముత్తాత, వాళ్ల భార్యలు, తోబుట్టువులు, ఎవరు ఏ దేశంలో మిగిలిపోయారు అన్నదంతా నోటితో చెప్పి రాయించారు. డేనియల్ భార్యతో సహా ఫ్రాన్సు నుంచి వచ్చాడన్న సాక్ష్యం ఆ పత్రాల్లోదే. చదువు లేని రైతులని చిన్నచూపు చూసినవాళ్ల జ్ఞాపకంలో వంద ఏళ్లకు పైబడిన వంశవృక్షం పదిలంగా ఉంది. వంశముద్రల దుకాణాలన్నీ కలిసినా ఆ ఒక్క పత్రానికి సరిరావు.

1785లో స్పెయిన్ ఖర్చుతో ఏడు ఓడల్లో సుమారు 1,600 మంది అకాడియన్లు ఫ్రాన్సు వదిలి లూసియానా వెళ్లారు. కేజన్‌లుగా పిలిచే అక్కడి వాళ్ల వారసుల్లో లెబ్లాన్ ఇవాళ్టికీ వాడుక పేరే. అమెరికాలో కొందరి ఇంటిపేరు ఇంగ్లీషులో వైట్‌గా మారిపోయింది. ఒక పేరు ఇన్ని దేశాలకు పాకిందంటే వంశం వర్ధిల్లిందని చెప్పుకుంటాం. ఈ పేరు విషయంలో ఆ మాట చెల్లదు. కట్టలు పోసుకున్న నేల మీద ఉండనిచ్చి ఉంటే వీళ్లలో ఎక్కువమంది ఆ నేల వదిలేవాళ్లు కాదు.

1995లో రోమియో లెబ్లాన్ కెనడా గవర్నర్ జనరల్ అయ్యారు. అకాడియన్లను వెళ్లగొట్టిన సింహాసనానికే ప్రతినిధిగా ఆ పదవిలో కూర్చున్న మొదటి అకాడియన్ ఆయన. 2003లో కెనడా రాణి హోదాలో బ్రిటిష్ రాణి పేరిట వెలువడిన ప్రకటన ఆ నిర్వాసనను, దాని దుష్ఫలితాలను గుర్తించి, ఏటా జూలై 28ని స్మారకదినంగా నిర్ణయించింది. చట్టపరమైన, ఆర్థికపరమైన బాధ్యతను ఒప్పుకున్నట్టు మాత్రం కాదని అందులోనే రాసుకున్నారు. క్షమాపణా చెప్పలేదు. నా దృష్టిలో ఆ బాకీ ఇంకా తీరలేదు.